ఐప్యాడ్ పుట్టిన ఏడాది: ఎక్కని ఛార్జి, నిలవని వైఫై



ఈ మధ్య మన సంఘం గుంపులో రెండు మాటలు జాస్తిగా వినబడుతున్నాయి. ఒకటి, "టాబ్లెట్‌కు ఛార్జి ఎక్కడం లేదు." రెండోది, "వైఫై పట్టుకుంటుంది, కాసేపటికి వదిలేస్తుంది." పిల్లలు బెంగళూరు నుంచో అమెరికా నుంచో వచ్చినప్పుడు ఇచ్చిపోయిన టాబ్లెట్ ఇప్పుడు చాలా ఇళ్ళలో ఉంది. (టాబ్లెట్ అంటే మన వయసులో ముందు బీపీ మాత్ర గుర్తొస్తుంది. నేను చెప్పేది ఆ పలక సంగతి.) పిల్లలకు ఫోను చేసి అడిగితే వచ్చే జవాబు కూడా ఒకటే: "నాన్నా, మీకు వాడడం తెలియడం లేదు." ఆ ఒక్క మాటతో మన పెద్దవాళ్ళు దాన్ని బీరువాలో చీరల కింద పెట్టేసి, ఇది మన వయసుకు కాదులే అని ఊరుకుంటున్నారు.

అందుకే ఈసారి ఊళ్ళ చరిత్ర, వలసల చరిత్ర పక్కన పెట్టి ఈ పలక చరిత్ర రాస్తున్నాను. మొట్టమొదటి ఐప్యాడ్ కొన్నవాళ్ళు కంప్యూటర్లలో పుట్టి పెరిగినవాళ్ళు. వాళ్ళకూ సరిగ్గా ఈ రెండు కష్టాలే వచ్చాయి. వాళ్ళకూ మొదట "మీ ఇంట్లోవి సరిచూసుకోండి" అన్న జవాబే దొరికింది. నిజం ఏమిటో బయటికి రావడానికి మూడు నెలలు పట్టింది. ఎలా వచ్చిందో తెలుసుకుంటే మనకూ పనికొస్తుంది.

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు ఇంట్లో నేర్చుకున్నది. సాంకేతిక పుస్తకాల తెలుగు నాకు రాదు. రైల్వే కౌంటరు భాషలో చెబుతాను, మీకు అర్థమైతే చాలు.

2010 జనవరి 27న శాన్ ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ వేదిక మీద ఐప్యాడ్‌ను చూపించాడు. ఏప్రిల్ 3, శనివారం నాడు అమెరికాలో అమ్మకం మొదలైంది. అన్నిటికన్నా తక్కువ ధర 499 డాలర్లు. ఆ ఒక్క రోజే మూడు లక్షలకు పైగా అమ్ముడయ్యాయని ఆపిల్ కంపెనీ ప్రకటించింది. 28 రోజుల్లో పది లక్షలు దాటింది. మన దేశంలో అధికారికంగా అమ్మకానికి వచ్చింది 2011 జనవరి చివరలో. అంతకు ముందు మన దగ్గర చూసినవన్నీ విదేశం నుంచి ఎవరో పెట్టెలో పెట్టుకొని తెచ్చినవే.

పలకలాంటి కంప్యూటర్లు అంతకు ముందే ఉండేవి. మైక్రోసాఫ్ట్ 2002లోనే టాబ్లెట్ పీసీ అని తెచ్చింది. అవి బరువు, ధర జాస్తి, జనానికి అంటలేదు. ఐప్యాడ్ బరువు 680 గ్రాములు, తెర 9.7 అంగుళాలు, ఒకసారి ఛార్జి చేస్తే 10 గంటలు వస్తుందని మాట. అందుకే జనం ఎగబడ్డారు.

అయితే ఆ వస్తువులో ఒక సంగతి ఉంది. ఇంటర్నెట్ తీగ పెట్టుకోవడానికి దానికి చోటే లేదు. మొదట అమ్మింది వైఫై ఉన్న రకం ఒక్కటే. సిమ్ వేసుకునే 3జీ రకం ఏప్రిల్ 30న వచ్చింది. అంటే వైఫై నిలవకపోతే ఆ 499 డాలర్ల వస్తువు అద్దం ముక్కతో సమానం. ఇంకొకటి, కొత్త ఐప్యాడ్‌ను పెట్టెలోంచి తీయగానే వాడుకోవడానికి లేదు. ముందు దాన్ని కేబుల్‌తో కంప్యూటరుకు తగిలించి, ఐట్యూన్స్ అనే ప్రోగ్రాముతో మొదలుపెట్టాలి. ఈ రెండు కారణాల వల్లే మొదటి రోజే, అందరికీ ఒకేసారి, ఆ రెండు కష్టాలూ ఎదురయ్యాయి.

ముందు ఛార్జి సంగతి చూద్దాం.

కొన్నవాళ్ళు ఆశగా ఇంటికి తెచ్చి కంప్యూటరుకు తగిలించారు. పైన మూలన బ్యాటరీ బొమ్మ పక్కన రెండు మాటలు కనబడ్డాయి: "నాట్ ఛార్జింగ్". కొత్త వస్తువు, ఛార్జి ఎక్కడం లేదని తానే చెబుతోంది! బ్యాటరీ చెడిపోయిందా, కేబుల్ చెడిపోయిందా, అంగడివాడు మోసం చేశాడా అని నిండామంది హడలిపోయారు.

నిజానికి వస్తువులో లోపం లేదు. లెక్క చూడండి. కంప్యూటరుకు ఉండే యూఎస్‌బీ రంధ్రం, 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 నియమం ప్రకారం, 5 వోల్టుల దగ్గర అర ఆంపియర్ కరెంటు ఇస్తుంది. ఐదును అరతో గుణిస్తే రెండున్నర వాట్లు. ఐప్యాడ్ పెట్టెలో ఇచ్చిన గోడ ఛార్జరు మాత్రం 10 వాట్లది, దాదాపు 2.1 ఆంపియర్లు ఇస్తుంది. అంటే నాలుగు రెట్లు.

ఇప్పుడు రెండో లెక్క. ఐప్యాడ్ బ్యాటరీ 25 వాట్-గంటలది. అది 10 గంటలు వస్తుందని కంపెనీ మాట. అంటే తెర వెలిగి ఉన్నప్పుడు గంటకు రెండున్నర వాట్-గంటలు తాగుతుంది. కంప్యూటరు ఇచ్చేది రెండున్నర వాట్లు, తెర తాగేదీ రెండున్నర వాట్లు. తొట్టి పైన కొళాయి ఎంత ధారగా వస్తుందో, కింద తూము కూడా అంతే ధారగా పోతుంటే నీళ్ళు నిలుస్తాయా? నిలవవు. అందుకే తెర వెలుగుతున్నంతసేపూ అది "నాట్ ఛార్జింగ్" అంటుంది. తెర ఆర్పేస్తే తూము మూసినట్టు, మెల్లగా ఛార్జి ఎక్కుతుంది. రెండున్నర వాట్లతో 25 నిండాలంటే కాగితం మీదే 10 గంటలు. మధ్యలో పోయే వృథా కలుపుకుంటే ఇంకా జాస్తి.

ఆపిల్ తర్వాత ఇదే చెప్పింది. చాలా విండోస్ కంప్యూటర్లకు, పాత మ్యాక్‌లకు తగిలిస్తే ఆ మాట కనబడుతుంది, తెర ఆర్పితే నెమ్మదిగా ఎక్కుతుంది, గోడ ఛార్జరు వాడితే మంచిది అని. సరైన మాటే. కాని ఆ మాట తెర మీద కనబడదు కదా! తెర మీద "ఛార్జి చాలడం లేదు, తెర ఆర్పండి" అని ఉంటే ఒక్కరు కూడా భయపడేవారు కాదు. వస్తువు సరిగ్గానే ఉంది, దాని నోటి మాట సరిగ్గా లేదు. రైలు ఆలస్యంగా వస్తుంటే బోర్డు మీద "రైలు రాదు" అని రాస్తే ప్లాట్‌ఫారం మీద ఏమవుతుందో మన స్టేషను స్నేహితులకు చెప్పనక్కరలేదు.

జనం తికమకపడడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఐప్యాడ్ కేబుల్ కొస, ఐపాడ్ పాటల పెట్టెకూ ఐఫోనుకూ 2003 నుంచి వాడుతున్న అదే 30 పిన్నుల కొస. పాత ఛార్జరు ఇందులో చక్కగా దూరుతుంది. దూరింది కదా, పనిచేస్తుంది అనుకుంటాం. బ్రాడ్‌గేజి పట్టాల మీద షంటింగ్ ఇంజనూ నడుస్తుంది, ఎక్స్‌ప్రెస్ ఇంజనూ నడుస్తుంది. గేజి ఒకటే కదా అని షంటింగ్ ఇంజనుకు 24 పెట్టెలు తగిలిస్తే ఏమవుతుంది? అప్పటి ఐఫోను ఛార్జరు 5 వాట్లది. దానితో ఐప్యాడ్‌కు ఛార్జి ఎక్కుతుంది గాని, సగం వేగంతో ఎక్కుతుంది.

ఆ గొడవ ఎంత పెద్దదైందంటే, గిగాబైట్, ఆసుస్ లాంటి మదర్‌బోర్డు కంపెనీలు అదే ఏడాది, తమ బోర్డులున్న కంప్యూటర్ల రంధ్రం నుంచి ఐప్యాడ్‌కు జాస్తి కరెంటు పంపే చిన్న ప్రోగ్రాములను ఉచితంగా ఇచ్చాయి. కొన్నవాళ్ళ గోల విని వేరే కంపెనీలు చేసిన పని ఇది.

ఇక వైఫై సంగతి. ఇది అంత సులభం కాదు, ఎందుకంటే ఇందులో ఒకే ఫిర్యాదు కింద మూడు నాలుగు వేర్వేరు జబ్బులు కలిసిపోయాయి.

అదే బల్ల మీద ల్యాప్‌టాప్‌కు సిగ్నల్ నిండుగా ఉంటే ఐప్యాడ్‌కు ఒక గీతే కనబడుతోంది అన్నారు కొందరు. నిద్రలోంచి లేపితే తెలిసిన వైఫైని కూడా మళ్ళీ పట్టుకోవడం లేదు అన్నారు మరికొందరు. పాస్‌వర్డ్ మళ్ళీ మళ్ళీ అడుగుతోంది అన్నారు ఇంకొందరు. వెనక రేకు అల్యూమినియం కదా, అదే అడ్డం వస్తోందేమో అని ఊహలు కూడా లేచాయి. ఊహ పూర్తిగా గాలి మాట కాదు; లోహం రేడియో అలలను అడ్డుకుంటుంది, అందుకే 3జీ రకానికి పైన నల్ల ప్లాస్టిక్ పట్టీ పెట్టారు. అయితే అందరి కష్టానికీ అదొక్కటే కారణం కాదు.

ఏప్రిల్ నెలలోనే ఆపిల్ ఒక వివరణ ఇచ్చింది. కొన్ని రౌటర్లు రెండు బ్యాండ్లలో, 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకటి, 5 గిగాహెర్ట్జ్‌లో ఒకటి, వైఫై ఇస్తాయి. రెంటికీ ఒకే పేరు పెట్టి, తాళం పద్ధతి మాత్రం వేర్వేరుగా పెడితే ఐప్యాడ్ తికమకపడి మళ్ళీ చేరడం లేదని చెప్పింది. రెండు కౌంటర్ల మీదా ఒకే బోర్డు ఉండి, ఒకచోట గుర్తింపు కార్డు, ఇంకోచోట ఫారం అడిగితే ప్రయాణికుడు ఏ వరసలో నిలబడాలి? రెంటికీ వేరే పేర్లు పెట్టండి, తాళం మాత్రం ఒకే రకం పెట్టండి అన్నది సలహా. అప్పటికి 802.11ఎన్ అనే వైఫై నియమం ఖాయమై ఏడు నెలలే అయింది (2009 సెప్టెంబరు). రౌటర్లూ కొత్తవే, పలకా కొత్తదే.

మే నెలలో ఇంకొన్ని సలహాలు వచ్చాయి. రౌటరు సాఫ్ట్‌వేర్ కొత్తది వేసుకోండి, పాత వెప్ తాళం బదులు డబ్ల్యూపీఏ తాళం పెట్టండి, వైఫై ఒకసారి ఆపి మళ్ళీ పెట్టండి, తెర వెలుగు మరీ కనిష్ఠంలో ఉంచవద్దు అని. ఆ చివరి సలహా చదివి తెర వెలుగుకూ వైఫైకీ ఏమిటి చుట్టరికం అని జనం తల గోక్కున్నారు. అయితే ఆ సలహాల చివర ఒక ముఖ్యమైన వాక్యం ఉంది: మిగిలిన వైఫై కష్టాలను రాబోయే సాఫ్ట్‌వేర్‌లో సరిచేస్తామని. అంటే లోపం మా వైపు కూడా ఉందని ఒప్పుకున్నట్టే.

ఆ మాట వాళ్ళ నోటి నుంచి రావడానికి ముందు ఏం జరిగిందో చూడండి. నాకు ఈ కథలో నిండా నచ్చింది ఈ భాగమే.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి విద్యార్థులు, అధ్యాపకులు మొదటి వారంలోనే ఐప్యాడ్లు తెచ్చుకున్నారు. క్యాంపస్ నెట్‌వర్క్ చూసుకునే సిబ్బందికి ఒక విచిత్రం కనబడింది. అది చెప్పాలంటే మన రిజర్వేషన్ చార్టే సరైన ఉదాహరణ.

నెట్‌వర్క్‌లోకి వచ్చిన ప్రతి యంత్రానికీ ఒక అంకె చిరునామా కావాలి. దాన్ని శాశ్వతంగా ఇవ్వరు, కొన్ని గంటలకు గడువు పెట్టి ఇస్తారు. సేలం నుంచి ఈరోడ్ వరకు ఒక బెర్తు ఇచ్చినట్టు. ఈరోడ్ దాటి పోవాలంటే గడువు లోపలే టికెట్టు పొడిగించుకోవాలి. లేకపోతే బెర్తు ఖాళీ చెయ్యాలి, ఈరోడ్‌లో ఎక్కేవాడికి అది ఇచ్చేస్తారు. 1997లో స్థిరపడిన నియమం ఇది. గడువు తీరితే యంత్రం వెంటనే ఆ చిరునామా వాడడం మానుకోవాలి.

ఐప్యాడ్ ఏం చేసింది? తెర లాక్ చేసి పక్కన పెట్టినప్పుడు, కొన్ని సందర్భాల్లో గడువు పొడిగించుకోవడం మరిచిపోయేది. మరిచిపోయి ఊరుకుందా అంటే లేదు, గడువు తీరిన చిరునామానే వాడుకుంటూ పోయేది. ఈరోడ్ దాటినా బెర్తు మీద దుప్పటి కప్పుకొని పడుకున్నట్టు. ఈలోగా అదే చిరునామా వేరే యంత్రానికి ఇచ్చి ఉంటే? ఒకే బెర్తు మీద ఇద్దరు. ఇద్దరికీ నిద్ర ఉండదు. తప్పు చేసింది ఐప్యాడ్, అవస్థ పక్కవాడి కంప్యూటరుకు కూడా.

ఆ సిబ్బంది టీటీఈ చేసే పనే చేశారు. అలా ప్రవర్తించిన ఐప్యాడ్లను తమ నెట్‌వర్క్ నుంచి దింపేశారు. దానితో ఆగలేదు. ఏ సాఫ్ట్‌వేర్ ఉన్నప్పుడు, ఎన్నింటికి చిరునామా తీసుకుంది, ఎప్పుడు గడువు తీరింది, ఆ తర్వాత కూడా ఎలా వాడింది, అంతా వరసగా రాసి ఆపిల్‌కు పంపారు, అందరూ చదివేలా బయట పెట్టారు. "వైఫై బాగా లేదు" అని రాయలేదు. తేదీ, గంట, చిరునామా రాశారు. మంచి స్టేషన్ డైరీ ఎలా ఉంటుందో అలా. ఆ రాత ముందు "మీ రౌటరు చూసుకోండి" అనే జవాబు నిలవదు.

దాదాపు అదే రోజుల్లో ఇజ్రాయెల్ దేశం ఇంకో దారి పట్టింది. అమెరికా వైఫై శక్తి పరిమితులు వేరు, మేము పాటించేది యూరప్ పరిమితులు అని చెప్పి, ఐప్యాడ్‌ను దేశంలోకి తేనివ్వలేదు. విమానం దిగినవాళ్ళ దగ్గర సుమారు పది పలకలను కస్టమ్స్‌వాళ్ళు తీసిపెట్టుకున్నారు. పరీక్షించి చూసి, ఆ నెల చివరి వారంలో అడ్డు తీసేశారు.

2010 జులై 15న ఆపిల్ 3.2.1 అనే సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. అందులో ఏం మార్చారో చెప్పే పట్టికలో మొదటి మాట: వైఫై మెరుగుపరిచాం. అమ్మకం మొదలై మూడు నెలల పన్నెండు రోజులు.

ఇప్పుడు రెండు గొడవలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఛార్జి గొడవలో వస్తువు మంచిది, దాని మాట చెడ్డది, ఇంట్లోని పాత రంధ్రం చాలలేదు. వైఫై గొడవలో కొంత ఇంటి రౌటరుది, కొంత వస్తువుదే. కొన్నవాడి చేతిలో మాత్రం రెండూ ఒకేలా కనబడ్డాయి: "పనిచేయడం లేదు." ఆ ఒక్క మాటలోంచి నిజాన్ని విడదీసింది కంపెనీ ఒక్కటే కాదు, ఓపికగా రాసిపెట్టినవాళ్ళు.

తెలుగు నేలకు ఇందులో ఒక చుట్టరికం ఉంది. 2011 అక్టోబరు 5న కేంద్రమంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో విడుదల చేసిన "ఆకాశ్" విద్యార్థి టాబ్లెట్ గుర్తుందా? డేటావిండ్ కంపెనీది. దాన్ని కూర్చింది హైదరాబాదులో. ప్రభుత్వానికి పడిన ధర రెండు వేల రూపాయల పైచిలుకు. ఉద్దేశం గొప్పది. కాని బ్యాటరీ 2,100 మిల్లీ ఆంపియర్-గంటలు, అంటే సుమారు 8 వాట్-గంటలు, ఐప్యాడ్‌లో మూడో వంతు. సిమ్ లేదు, వైఫై మాత్రమే. 2011లో మన జిల్లా కాలేజీల్లో వైఫై ఎక్కడిది? కరెంటు కోత ఉన్న ఊళ్ళో ఆ చిన్న బ్యాటరీ ఎంతసేపు? ధర తగ్గింది గాని, పలకకు కావలసిన రెండు దారులు, కరెంటూ గాలిలో తీగా, ఊరి దాకా పోలేదు.

ఆపిల్ కూడా పాఠం అంతా నేర్చుకోలేదు. 2012 మార్చిలో వచ్చిన మూడో ఐప్యాడ్‌లో బ్యాటరీని 42.5 వాట్-గంటలకు పెంచారు, ఛార్జరు మాత్రం అదే 10 వాట్లది ఇచ్చారు. రాత్రంతా పెట్టినా నిండలేదని మళ్ళీ గోల. నూరు శాతం చూపించాక కూడా కరెంటు తాగుతోందని కొలిచి చూపించారు కొందరు. ఆ ఏడాది చివర వచ్చిన నాలుగో ఐప్యాడ్‌కు 12 వాట్ల ఛార్జరు ఇచ్చారు. యూఎస్‌బీ నియమాలు కూడా మారుతూ వచ్చాయి. 2014లో ఖాయమైన టైప్-సి రంధ్రమే ఇప్పుడు మన ఫోన్లకు ఉన్నది.

అందుకని పెద్దలకు నా మనవి. మీ పలకకు ఛార్జి ఎక్కకపోతే మొదట ఛార్జరు మీద ఉన్న చిన్న అక్షరాలు చదవండి, కళ్ళద్దాలు పెట్టుకొని. 5 వోల్టులు అని ఉండి, పక్కన 0.5 అనో 1 అనో ఆంపియర్లు ఉంటే అది ఫోనుది, పలకది కాదు. పలకతో వచ్చిన ఛార్జరే వాడండి. తెర ఆర్పి గంటసేపు పెట్టి చూడండి. అమెరికా నుంచి తెచ్చిన ఛార్జరు మీద 100–240 వోల్టులు అని ఉంటే మన కరెంటుకు భయం లేదు, పిన్ను మార్చుకుంటే చాలు. ఇంకొకటి, ఐప్యాడ్ 35 డిగ్రీల వేడి వరకే పనిచేసేలా కట్టినది. వేలూరు, కర్నూలు, బరంపురం ఎండల్లో కిటికీ దగ్గర పెడితే అది మొరాయించడం మీ తప్పు కాదు, దాని తప్పూ కాదు.

వైఫై నిలవకపోతే ఒక కాగితం తీసుకోండి. తేదీ, గంట, ఏ గదిలో, ఆ సమయంలో ఇంట్లో ఫోనుకు వస్తోందా లేదా, పలకను ఆపి పెడితే వచ్చిందా, ఎంతసేపటికి మళ్ళీ పోయింది. నాలుగు రోజులు రాయండి. ఆ కాగితం ఫోటో తీసి పిల్లలకు పంపండి, అంగడివాడికి చూపించండి. అప్పుడు "మీకు తెలియదు" అనే మాట రాదు, వచ్చినా నిలవదు.

మనలో చాలామంది ముప్పై, నలభై ఏళ్ళు రిజిస్టర్లు రాసినవాళ్ళం. రైల్వేలో, మిల్లులో, తాలూకా ఆఫీసులో. చూసింది చూసినట్టు, గంట వేసి రాయడం మనకు వచ్చిన విద్య. ప్రిన్స్‌టన్‌లో ఆ సిబ్బంది చేసింది సరిగ్గా అదే. బీరువాలోంచి పలకలు బయటికి తీయండి.

మీ ఇంట్లో టాబ్లెట్ ఏ కష్టం పెడుతోందో కింద రాయండి, ఛార్జరు మీద ఉన్న అంకెలు కూడా కలిపి. రాసిన ప్రతి ఒక్కరికీ తెలిసినంత వరకు జవాబు ఇస్తాను.